తొమ్మిదో లీవరు

పన్నెండు లీవర్ల ప్యానెలు కట్టడం అతనికో లెక్కా! ముప్పై ఏళ్లు రైల్వేలో సిగ్నల్ ఫిట్టరుగా పనిచేసిన మనిషి. క్యాబిన్లలో మనిషెత్తు లీవర్ల కింద దూరి, మోకాళ్లు కాయలు కాసేదాకా పాకి, లాకులు బిగించినవాడు. ఇప్పుడు చెయ్యాల్సినవి జానెడు లీవర్లు, అదీ బొమ్మ రైలుకి. కళ్లు మూసుకుని చేసి పారెయ్యొచ్చు. కాని మొదలుపెట్టి మూడు వారాలు దాటింది, పని మాత్రం నత్తనడక నడుస్తోంది. ఎందుకంటే ఆ గదిలో అడుగుపెట్టడానికే రోజూ పొద్దున పావుగంట ధైర్యం కూడగట్టుకోవాల్సి వస్తోంది అతనికి.

ఆ గది ఏడు నెలల కిందటిదాకా బావది. బావ, అంటే అతని అక్క మొగుడు, ఒకప్పుడు స్టేషను చివర క్యాబిన్లో లీవర్లు లాగే ఉద్యోగి. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆ ఉద్యోగం ఊడింది. తర్వాత ఒక హార్డువేరు కొట్లో మేకులూ బోల్టులూ తూచి ఇస్తూ బతికాడు. మిగిలిన వేళంతా ఈ గదిలో, గోడకీ గోడకీ పట్టేసిన బల్ల మీద, తను పనిచేసిన స్టేషన్నే మళ్లీ కట్టుకున్నాడు. కట్టాడంటే మామూలుగా కట్టలేదండీ. ప్లాట్‌ఫారం, నీళ్ల ట్యాంకు, సైడింగు, గోడౌను రేకుల మీద తుప్పు మరకలు, అగ్గిపుల్లలతో క్యాబిన్ మెట్లు, అన్నీ ఉన్నాయి. ఒక్క లీవర్ల ప్యానెలే మిగిలింది. దానికి కావాల్సిన ఇత్తడి పట్టీలు కోసి, అట్టపెట్టెలో సర్ది, ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు.

"నువ్వు పూర్తి చెయ్యరా తమ్ముడూ," అంది అక్క. "అమ్మాయి వాళ్ల బడికి పట్టుకుపోతానంటోంది. నడిస్తేనే తీసుకుంటారట. నడవకపోతే విప్పి పాతసామాన్లవాడికి పడెయ్యడమే. నాకైతే ఆ గది ఖాళీ అయితే చాలు. ఆ బల్లని చూస్తే ఒళ్లు మండుతుంది."

అమ్మాయంటే అక్క కూతురు, బడిలో సైన్సు టీచరు. అక్కకి కాదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆవిడకి కాదని చెప్పే హక్కు ముప్పై ఒక్క ఏళ్ల కిందటే పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఆవిడకి తెలియదు. అసలు గొడవంతా అదే కదా.

ఆ గొడవేమిటో ముందే చెప్పేసుకుందాం, దాచి ఒరిగేదేం లేదు. ఆ స్టేషన్లో నాలుగో లీవరు సైడింగు, అంటే పక్క పట్టాల, పాయింట్లది. అది లాగితే పట్టాలు కలిసి, సైడింగులో ఉన్న గూడ్సు మెయిన్ లైను మీదికి వస్తుంది. తొమ్మిదో లీవరు మెయిన్ లైను సిగ్నలుది. అది లాగితే ప్యాసింజరు బండి లోపలికి వస్తుంది. రెండూ కలిసి వచ్చాయంటే కొంప మునిగినట్టే. అందుకని ప్రతి లీవరు కిందా ఒక ఇనుప పట్టీ, పట్టీకి ఒక గాడి, రెండు పట్టీల మధ్య అటూ ఇటూ జరిగే వేలెడంత ముక్క ఉంటాయి. ఆ ముక్కనే లాకంటారు. నాలుగు లాగగానే లాకు వెళ్లి తొమ్మిది గాడిలో కూచుంటుంది. ఇక తొమ్మిదిని ఏనుగొచ్చి లాగినా రాదు.

దీన్ని పట్టుకుని క్యాబిన్ వాళ్లకి ఒక అలవాటుండేది. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, అయినా ప్రతివాడూ చేసేవాడు. గూడ్సు మెయిన్ లైను మీద నిలబడి ఉన్నంతసేపూ నాలుగుని వెనక్కి వేసేవాళ్లు కాదు. అదే వాళ్ల గుర్తు. మంచు కమ్మి కిటికీలోంచి ఏమీ కనపడని రోజున, ఫోన్ల గోలలో గూడ్సు సంగతి మరిచిపోయినా సరే, తొమ్మిది మీద చెయ్యి వేసి ఓసారి లాగి చూసేవాళ్లు. రాకపోతే "ఓహో, లైను మీద బండుంది" అని నాలిక్కరుచుకునేవాళ్లు. వస్తే లైను ఖాళీ అన్నమాట. తమ బుర్రని నమ్మకపోయినా లాకుని నమ్మేవాళ్లు. లాకుని నమ్మడమంటే ఫిట్టర్ని నమ్మడమే. ఆ ఫిట్టరు ఇతనే.

ఆ చలికాలంలో బావకి భుజం నొప్పి పట్టుకుంది. "ఒరే ఆకురాయీ," అన్నాడో రోజు. ఎప్పుడు చూసినా జేబులో ఇనుము అరగదీసే ఆకురాయి పెట్టుకు తిరుగుతాడని డిపోలో అందరూ అతన్ని అలాగే పిలిచేవాళ్లు, బావ మరీను. "తొమ్మిది మొండికేస్తోందిరా. లాగితే భుజం ఊడి చేతికొస్తోంది. కాస్త చూసి పెట్టు, నీకు పుణ్యముంటుంది."

అతను పైరేకు విప్పి చూశాడు. లాకు ముక్క గాడి అంచుకి రాసుకుంటోంది. పద్ధతి ప్రకారమైతే ముక్క బయటికి తియ్యాలి, రిజిస్టర్లో రాయాలి, కొత్త ముక్క వెయ్యాలి, నాలుగు లాగి తొమ్మిది రాదని పరీక్షించాలి. పూట పడుతుంది. బావేగా, మనవాడేగా, చిటికెలో తేల్చేద్దామనుకున్నాడు. ముక్కకి ఆకురాయి నాలుగు సార్లు పట్టించాడు. సరిపోలేదనిపించి ఇంకో రెండు సార్లు. తొమ్మిది వెన్నలా వచ్చింది. "ఏం చేశావురా మహానుభావా!" అన్నాడు బావ భుజం రుద్దుకుంటూ. "ఏముంది బావా, నూనె వేశాను," అన్నాడు ఇతను. ఆ ఆఖరి రెండు సార్లూ ఎక్కువయ్యాయని అతని వేలికి అప్పుడే తెలిసింది. గురువారం స్టోర్సు నుంచి కొత్త ముక్క తెచ్చి వేసేద్దాంలే అనుకున్నాడు. ప్రమాదం మంగళవారం జరిగింది.

మంచులో గూడ్సు నిలబడి ఉంది, నాలుగు లాగి ఉంది, బావ తొమ్మిది లాగి చూశాడు, వచ్చింది. నలుగురు పోయారు. వాళ్లలో ప్యాసింజరు డ్రైవరు ఒకడు. పక్క క్వార్టర్సులోనే ఉండేవాడు, అతని భార్యా అక్కా ఒకే ప్రాణంగా మెలిగేవాళ్లు. చప్పుడు విన్న మరుక్షణం బావ, ఏ క్యాబిన్ మనిషైనా చేసేదే చేశాడు. చేతికందిన లీవర్లన్నీ వెనక్కి పడేశాడు. దాంతో నాలుగు అంతకుముందు ఎలా ఉందో చెప్పే సాక్ష్యం కూడా పోయింది. ఆఫీసర్లు వచ్చేలోగా ఇతను ఫిట్టరు హోదాలో లోపలికెళ్లి, పైరేకు విప్పి, స్టోర్సు నుంచి తెచ్చుకున్న కొత్త ముక్క పావుగంటలో వేసి, అరిగినదాన్ని జేబులో వేసుకున్నాడు. ఆఫీసర్లు నాలుగు లాగి, తొమ్మిదిని ముగ్గురు వంతులవారీగా గుంజారు. ఇంచు కదల్లేదు. లాకు బాగానే ఉందని రాసిన కాగితం కింద సంతకం ఇతనిదే.

"నాలుగు లాగి ఉందండీ, అయినా తొమ్మిది వచ్చింది," అని బావ వందసార్లు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? నాలుగుని ముందే వెనక్కి వేసి, గూడ్సు సంగతి మరిచి, తొమ్మిది లాగాడని తేల్చారు. ఉద్యోగం పోయింది, ఏడాది జైలు పడింది. తిరిగొచ్చిన రోజు భోజనాల దగ్గర బావ మళ్లీ అదే మాట ఎత్తాడు. అక్క గరిటె కింద పెట్టేసింది. "తప్పు జరిగింది, ఎవరికైనా జరుగుతుంది. దాని మీద అబద్ధం కూడా ఎందుకండీ? మీ తప్పు కప్పుకోడానికి లాకు మీదికి తోస్తారా? ఆ లాకు చూసేది నా తమ్ముడు," అంది. తమ్ముడు అక్కడే ఉన్నాడు, కంచంలో చెయ్యి పెట్టుకుని.

ఆ రోజు నుంచి బావ లాకు ఊసెత్తలేదు. అక్క వండింది, ఉతికింది, జ్వరమొస్తే మాత్రలిచ్చింది. మాట మాత్రం మానేసింది. "వడ్డించాను", "గొడుగు తలుపు వెనకుంది", ఇంతకు మించి ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరి మధ్య మాటలు లేవంటే నమ్మండి. కూతురు ఎనిమిదేళ్లది అప్పటికి. "బడికి రావొద్దు నాన్నా" అంది, ఆయన వెళ్లలేదు. ఇతను మనిషి మంచివాడే, కాకపోతే పిరికివాడు. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నాడో, అక్క ఎదురుగా నిలబడేసరికి అన్నిసార్లూ నీళ్లు నమిలాడు. బావ పోయిన రోజున కూడా అంతే. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు. ప్యానెలు పూర్తయి బల్ల బడికి వెళ్లిపోతే, ఆ గదితో పాటు అతని అవకాశమూ ఖాళీ అయిపోతుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. పని నత్తనడకకి సగం కారణం అదే.

మిగతా సగం కారణం, బావ.

నవ్వకండి. మొదటి వారం సజావుగానే సాగింది. ప్లైవుడ్డు పెట్టె కట్టాడు. ఇత్తడి పట్టీలకి రంధ్రాలు చేసి, లీవర్లు వరసగా నిలబెట్టాడు. సిగ్నళ్లవి ఎరుపు, పాయింట్లవి నలుపు, పనిలేనివి తెలుపు. ప్రతి లీవరు తోకకీ ఒక చిన్న స్విచ్చి. లీవరు లాగితే స్విచ్చి నొక్కుకుని, కరెంటు వైరు గుండా బల్ల కిందికి పోయి, పాయింట్ల మోటారునో సిగ్నలు రెక్కనో కదిలిస్తుంది. వైర్లని టేపుతో చుట్టేసే రకం కాదు అతను. మైనం పట్టించిన దారంతో బెత్తెడుకో ముడి వేసి, ప్రతి కొసకీ అంకె రాసిన కాగితం చీటీ కట్టాడు. ఇక లాకులు. ఏది ఏదాన్ని ఆపాలో బావ ఒక కాగితం మీద గీసి పెట్టాడు. అన్నిటికంటే ముందు నాలుగుకీ తొమ్మిదికీ మధ్య లాకు చేశాడు. జీవితంలో అంత శ్రద్ధగా ఏ ముక్కనీ అరగదీయలేదేమో. గాడిలో పెడితే వెంట్రుక దూరే సందు కూడా లేదు. నాలుగు లాగి, తొమ్మిదిని పటకారుతో పట్టి గుంజి చూశాడు. రాలేదు. హమ్మయ్య అనుకుని, అన్నీ వెనక్కి వేసి ఇంటికెళ్లాడు.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే నాలుగూ తొమ్మిదీ రెండూ లాగి ఉన్నాయి.

ఆ రెండూ కలిసి రావడానికి వీల్లేదు. పైరేకు విప్పి లాకు తీసేస్తే తప్ప కుదరదు. రేకు మరలు అతను బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

"అక్కా, నిన్న నేను వెళ్లాక ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? నేనా? ఊడవడానికి కూడా వెళ్లను," అంది అక్క వంటగదిలోంచి. "తాళంచెవి నా దిండు కింద ఉంది. ఏం, ఏమైనా పోయిందా?"

"ఏం పోలేదు."

ఆ సాయంత్రం వెళ్లేముందు తొమ్మిదిని మైనం దారంతో పెట్టెకి కట్టేశాడు, మూడు ముళ్లు వేసి. మర్నాడు రెండు లీవర్లూ మళ్లీ లాగి ఉన్నాయి. దారం తెగలేదు. ముళ్లు ఓపిగ్గా విప్పి, వేలికి చుట్టి తీసినట్టు చిన్న చుట్టగా చుట్టి, ప్యానెలు అంచున పెట్టి ఉంది. దారం ముక్క కూడా పారెయ్యకుండా అలా చుట్టి దాచేది ఈ ఇంట్లో ఒకే ఒక్క మనిషి.

"బావా," అన్నాడు అతను. గదిలో తనొక్కడే ఉన్నాడు. "చచ్చాక కూడా నన్ను కాల్చుకు తినాలా? లాకు బాగానే ఉంది, కావాలంటే చూసుకో." నాలుగు లాగి తొమ్మిదిని గుంజి చూపించాడు కూడా. రాలేదు. తన మాట తనకే వినపడి సిగ్గేసింది. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆఫీసర్ల ముందు అన్నదీ ఈ మాటే.

మూడోసారి జరిగినప్పుడు అతను గదిలోనే ఉన్నాడు. పట్టపగలు, పదకొండు గంటల వేళ. ట్రాన్స్‌ఫార్మరు ప్లగ్గు తీసేసి, బల్ల కింద వెల్లకిలా పడుకుని, మొహం మీదుగా ఉన్న ప్యానెలు అడుగున వైర్లు సోల్డరింగు చేస్తున్నాడు. పైన టక్కుమంది. అతని ముక్కుకి అర మూరెడు ఎత్తులో నాలుగో పట్టీ జరిగింది. లాకు వెళ్లి తొమ్మిది గాడిలో కూచుంది, సరిగ్గా, ఎలా కూచోవాలో అలాగే. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఒక మనిషి ఫోను పెట్టేసి, మంచు పట్టిన కిటికీ వైపు చూసి, లీవరు మీద చెయ్యి వేసేంత సేపు. అప్పుడు తొమ్మిదో పట్టీ కదిలింది. గాడిలో లాకు ఉంది, అతను కళ్లారా చూస్తూనే ఉన్నాడు. ఉన్న లాకు ఉన్నట్టే ఉండగా, అడ్డమే లేనట్టు, వెన్నలా వచ్చేసింది.

సోల్డరు బొట్టు మణికట్టు మీద పడి చుర్రుమంది. అతను కెవ్వుమన్నాడు.

అక్క టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగింది. "ఏంట్రా ఆ కేక? దయ్యాన్ని చూసినట్టు ఏంటా మొహం?"

"ఏం లేదక్కా. చెయ్యి కాలింది."

"అరవయ్యేళ్లొచ్చాయి, ఇంకా చేతులు కాల్చుకోవడం మానలేదు," అని తిట్టుకుంటూ మణికట్టు పట్టుకుని కొళాయి కింద పెట్టింది. మందు రాసింది. రాస్తూ ఊదింది, చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే ఊదినట్టే. "నీకు బొత్తిగా విశ్రాంతి లేదు. ఆయన పిచ్చికి నిన్ను బలిచేస్తున్నాను," అంది. ఆ మాటకి అతనికి తలకొట్టేసినట్టయింది. ఆ క్షణంలో చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. టీ తాగి మళ్లీ గదిలోకి వెళ్లాడు.

కొత్త లాకు చేద్దాం, ఇదేదో నాసిరకం ఇత్తడిలా ఉంది, అని తనకు తనే సర్దిచెప్పుకుని, బావ అట్టపెట్టె అడుగుదాకా వెతికాడు. ఇత్తడి దొరకలేదు. నాలుగు నోటుబుక్కులు దొరికాయి, దారంతో కట్టి.

మొదటి పుస్తకంలో మొదటి పేజీలో ఒక్కటే ముక్క. "నాలుగు లాగి ఉంది. తొమ్మిది వచ్చింది. ఎలా?" ఆ తర్వాత పేజీల నిండా తేదీలు. అట్టముక్కలతో పట్టీలు చేసుకుని, రైళ్లని ఆ రోజు ఎక్కడున్నాయో అక్కడ నిలబెట్టి, రకరకాలుగా జరిపి చూశాడు. నాలుగు సగం లాగి చూశాను, తొమ్మిది రాలేదు. ఏడు ముందు లాగి తర్వాత నాలుగు లాగాను, రాలేదు. రెండూ ఒక్కసారే గుంజాను, రాలేదు. ఏళ్ల తరబడి ఇదే. ఈ బల్ల మొత్తం దీని కోసమే కట్టాడు. బొమ్మ రైలు సరదా కాదు, పాడూ కాదు. మూడో పుస్తకం మధ్యలో ఒకచోట అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. "నాలుగుని నేనే వెనక్కి వేశానేమో. ఆవిడ అంటోందంటే అయ్యుండొచ్చు. కాని నా చేతికి గుర్తుందే, వెయ్యలేదని."

ఆఖరి పేజీ, పోవడానికి వారం ముందుది. "అన్నీ చూశాను. ఒక్కటే మిగిలింది. లాకు ముక్క అరిగి ఉండాలి. ఇది మాత్రం కాదు. ఆ ముందు వారమే మా ఆకురాయి విప్పి చూసి నూనె వేశాడు. వాడు చూశాక అరిగి ఉండదు." ఆ ఆఖరి నాలుగు వాక్యాల మీదా అడ్డంగా ఒక గీత కొట్టేసి ఉంది. కింద, "ఇత్తడితో అసలుది కట్టి మళ్లీ మొదటి నుంచీ చూడాలి."

అతను పుస్తకం మూశాడు. బావ తనని అనుమానించి ఉంటే బావుండుననిపించింది. తిట్టి ఉంటే, శపించి ఉంటే, ఆ లీవర్లు కోపంతో లాగుతూ ఉంటే ఎంత బావుండేది! ఆ మనిషికి కోపమే లేదు. చచ్చిపోయి కూడా ఇంకా వెతుక్కుంటున్నాడు, అంతే. తొమ్మిది ఎలా వచ్చిందో తెలియక, రోజూ లాగి చూసుకుంటున్నాడు. చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాడతను, పక్కగదిలో అక్కకి వినపడకుండా.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి అమ్మాయి వస్తానంది, పనైపోతే చూసి బడివాళ్లకి చెబుతుందట. పొద్దున్నే వచ్చి మిగిలిన వైర్లు అంటించేశాడు. ప్లగ్గు పెట్టాడు. ఒక్కో లీవరూ లాగి చూశాడు. పాయింట్లు కదిలాయి, సిగ్నలు రెక్కలు వాలాయి, నాలుగు లాగితే తొమ్మిది రాలేదు. పుస్తకాలు సంచిలో వేసుకుని చేతులు దులుపుకుని వెళ్లిపోవచ్చు. ఎవడడుగుతాడు? చాలాసేపు అలాగే నిలబడ్డాడు, తలుపు వైపు చూస్తూ.

తర్వాత పైరేకు విప్పాడు. లాకు ముక్క బయటికి తీశాడు. జేబులోంచి ఆకురాయి తీసి నాలుగు సార్లు పట్టించాడు. ఆగి, ఇంకో రెండు సార్లు పట్టించాడు. ముక్క తిరిగి పెట్టి, రేకు బిగించి, అక్కని పిలిచాడు.

"నేనెందుకురా అందులోకి?" అని సణుగుతూనే వచ్చింది, గుమ్మం దాటి ఒక్కడుగు వేసి ఆగింది.

"ఇలా రా అక్కా. ఈ నల్లది లాగు. నాలుగు."

లాగింది. బల్ల మీద సైడింగు పట్టాలు కలిశాయి.

"ఇప్పుడు ఆ ఎర్రది. తొమ్మిది."

"అది రాకూడదు కదా?" అంది అక్క. క్యాబిన్ మనిషి భార్య, ఆ మాత్రం తెలుసు. చెయ్యి వేసి లాగింది. వచ్చింది. సిగ్నలు రెక్క వాలింది. ఆవిడ లీవరు వదలకుండా అతని వైపు తిరిగింది. "సరిగ్గా చెయ్యలేదా?"

"ఆ రోజు కూడా ఇలాగే చేశాను అక్కా," అన్నాడతను.

ఒక్కసారి నోరు తెరుచుకున్నాక ఇక ఆగలేదు. భుజం నొప్పి, ఆకురాయి, నూనె వేశానన్న అబద్ధం, గురువారం, మంగళవారం, పావుగంట, జేబులో అరిగిన ముక్క, సంతకం, అన్నీ చెప్పేశాడు. అక్క వింటూనే తొమ్మిదిని వెనక్కి వేసి మళ్లీ లాగింది. మళ్లీ వేసి మళ్లీ లాగింది. ప్రతిసారీ వచ్చింది.

"ఆయన చెప్పింది ఇదేనా?"

"ఇదే."

"మరి నేను ఆయన్ని ఆ మాటన్న రోజు నువ్వు ఎక్కడ కూచున్నావు?"

"ఆయన పక్కనే."

"నీ వంక చూశారా ఆయన?"

"లేదక్కా."

"చూడలేదు," అంది అక్క. "నా వంక చూశారు. నాకు గుర్తుంది. నమ్మకపోతానా అని చూశారు." లీవరుని వెనక్కి తోసింది. "ముప్పై ఏళ్లురా. పొద్దున లేస్తే ఆ మొహం చూసి, అబద్ధాలకోరు మొహం అనుకునేదాన్ని. కాఫీ గ్లాసు చేతికి కూడా ఇవ్వలేదు, బల్ల మీద పెట్టి వచ్చేదాన్ని."

అతను ఆవిడ కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. "నన్ను కొట్టక్కా. చంపెయ్."

"కొడితే నీకు తేలికైపోతుంది. లే. మొహం కడుక్కో. అమ్మాయొచ్చే వేళయింది."

కడుపులో పెట్టుకుంటుంది కాబోలు, కూతురి దాకా పోనివ్వదు కాబోలు అనుకున్నాడు. సిగ్గులేని ప్రాణం, ఆ మాత్రానికే కాస్త కుదుటపడింది. మొహం కడుక్కొచ్చి స్క్రూడ్రైవరు అందుకున్నాడు. "లాకు మార్చేస్తానక్కా, పది నిమిషాల పని."

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది అక్క.

అమ్మాయి నాలుగింటికి చెప్పులు గుమ్మంలో విడిచి, "మామయ్యా, అయిపోయిందా!" అంటూ వచ్చింది. తల్లి ఆ గదిలో నిలబడి ఉండటం చూసి వింతపడింది. అక్క ఆమెని ప్యానెలు ముందుకి తీసుకెళ్లి, నాలుగు లాగమంది, తర్వాత తొమ్మిది లాగమంది. లాగింది. వచ్చింది. "ఇదేంటి మామయ్యా, లాకు పనిచెయ్యట్లేదా?"

అతను అక్క మొహంలోకి చూశాడు, కాస్త దయ ఉందేమోనని. లేదు.

"చెప్పు," అంది అక్క. "నాకెలా చెప్పావో అలాగే చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు."

చెప్పాడు. రెండోసారి ఇంకా కష్టమైంది, ఎందుకంటే అమ్మాయి ప్రతి మాటకీ అతని కళ్లలోకే చూస్తోంది. అయిపోయాక ఒక్కటే అడిగింది. "నాన్నకి తెలుసా?" అతను నాలుగో పుస్తకం ఆఖరి పేజీ తెరిచి చేతికిచ్చాడు. ఆమె చదివింది. కొట్టేసిన గీత కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. "నాన్నా," అంది కాగితంతో. నలభై ఏళ్ల మనిషి, గుమ్మానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పుస్తకం తల్లికిచ్చింది. తల్లి కళ్లజోడు వెతుక్కుని, పెట్టుకుని, నిలబడే చదివింది. చదివి, మూసి, చంకలో పెట్టుకుంది.

"ఈ ప్యానెలు బల్ల నుంచి విడిగా ఊడి వస్తుందా?" అని అడిగింది తమ్ముణ్ణి.

"వస్తుందక్కా. కింద ఒక్క ప్లగ్గు తీస్తే చాలు. ఎందుకు?"

"ఆ రోజు పోయిన డ్రైవరు భార్య ఇంకా పాత క్వార్టర్సు వెనక వీధిలోనే ఉంటోంది. కళ్లు సరిగ్గా కనపడవు ఆవిడకి, చేత్తో లాగి చూడాలి. మిగతా ముగ్గురి ఇళ్లు ఎక్కడో ఆవిడే చెబుతుంది. తియ్యి."

అతను బల్ల కిందికి వంగి ప్లగ్గు లాగేశాడు.